కొట్టాడా అని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు

పెళ్లయిన ఆడపిల్ల తన కష్టం చెప్పుకుంటే మన ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. "కొట్టాడా?" మా అమ్మ అదే అడిగింది. అన్నయ్య అదే అడిగాడు. రెండు వైపుల పెద్దమనుషులు కూర్చున్నప్పుడూ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. అప్పుడప్పుడు చెయ్యి చేసుకుంటాడని చెబితే, "తాగుడు లేదు, పేకాట లేదు, నెలనెలా సంపాదిస్తున్నాడు. ఆ మాత్రం దానికి కాపురం పాడుచేసుకుంటావా?" అన్నారు. హింస అంటే ఏమిటో, సాయం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలిసివచ్చిన తీరు ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఇంట్లోనే ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక్క అడుగైనా తేలిక కావాలని నా ఆశ.

మాది విశాఖపట్నం, గాజువాక వైపు. నేను ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా ఆయన పోర్టు పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్. పాప ఒకటో తరగతి. ఇల్లు అత్తయ్యగారి పేరు మీద ఉంది. నా జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు పెళ్లయిన కొత్తలోనే అతని పర్సులోకి వెళ్లింది. రోజూ పొద్దున్నే బస్సు ఛార్జీకి సరిపడా చిల్లర టీవీ పక్కన పెట్టేవాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది కదా, ఆ చిల్లర కూడా ఆగిపోయింది. కండక్టరు ఇచ్చే సున్నా టికెట్టు మాత్రం తెచ్చి చూపించాలి. దాని మీద నేను ఎన్ని గంటలకు బస్సెక్కానో ఉంటుంది. ల్యాబ్ వదిలే వేళకూ టికెట్టు మీది వేళకూ తేడా కనిపిస్తే ఆ రాత్రంతా మాటలే. మా అమ్మ పెంపకం గురించి, నా ఒంటి గురించి, మగపిల్లాడు పుట్టలేదని. చోడవరంలో ఉన్న అమ్మను చూడాలంటే అతనిదీ, అత్తయ్యగారిదీ ఇద్దరి అనుమతీ కావాలి. ఇక పడకగదిలో వద్దు అనే మాటకు చోటే లేదు. వీటిలో ఏదీ "కొట్టాడా?" అన్న ప్రశ్నకు జవాబు కాదు.

ఒక రాత్రి వద్దన్నందుకు నా చెయ్యి వెనక్కి విరిచిపట్టాడు. ఆ తర్వాత జరిగింది బలవంతమే. పక్కన పాప నిద్రపోతోంది, అది లేస్తుందేమోనని నేను నోరు విప్పలేదు. మర్నాడు ల్యాబ్‌లో రక్తం తీయడానికి ఒక పెద్దాయన మోచేతికి పైన రబ్బరు పట్టీ బిగించబోతే నా వేళ్లు ముడుచుకోలేదు. మణికట్టు వాచి, గాజులు చర్మంలోకి దిగిపోయాయి. మా దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఒక అక్క నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లింది. సబ్బు నురగ రాసి గాజులు ఒక్కొక్కటే తీస్తూ, "సాయంత్రం ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉందా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు. ఉందని చెప్పాను. మిగిలినది కూడా చెప్పాను.

ముందు దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లాం. "పోలీసు గొడవలు మాకెందుకమ్మా, మెట్ల మీద జారిపడ్డారని రాస్తాం" అన్నారు. అక్క ఒప్పుకోలేదు. బయటికి వచ్చి 181కి ఫోను చేయించింది. అది మహిళల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం 112 కొట్టాలి, పోలీసులు వస్తారు. ఫోనెత్తిన అమ్మాయి నా పేరు కంటే ముందు, "ఇప్పుడు మీరు ఉన్న చోట మీకు ప్రమాదం ఏమీ లేదు కదా?" అంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఆవరణలో వన్ స్టాప్ సెంటర్ ఉంది, అక్కడికి వెళ్లండి అని చెప్పింది. పాపను బడి నుంచి తీసుకుని నేరుగా అక్కడికే వెళ్లాం.

వన్ స్టాప్ సెంటర్లు కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన పథకం. సఖి అనే పేరు కూడా ఉంది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజులు తలదాచుకునే చోటు, ఇవన్నీ ఒకే గుమ్మం లోపల దొరకాలన్నది దాని ఉద్దేశం. ఎఫ్ఐఆర్ ఉంటేనే రావాలన్న నిబంధన లేదు. డబ్బు కట్టనక్కరలేదు. పిల్లలతో సహా అయిదు రోజుల వరకు ఉండవచ్చు. అంతకు మించి చోటు కావాలంటే స్వాధార్ గృహానికి పంపిస్తారు, ఇప్పుడు వాటిని శక్తి సదన్ అంటున్నారు.

క్యాజువాలిటీలో నా చేతికి ఎక్స్‌రే తీసి ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు, నమోదు చేశారు. ఈ మాట వినగానే చాలామంది భయపడి వెనక్కి తిరుగుతారు. ఎంఎల్‌సీ రాయగానే భర్తను జైల్లో వేసేయరు. ఏ గాయం, ఎలా తగిలిందని మీరు చెప్పారు, డాక్టరు ఎన్ని గంటలకు చూశారు అన్నవి ఆసుపత్రి రికార్డులోకి ఎక్కుతాయి. పోలీసులకు కబురు వెళుతుంది, ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది మీ చేతిలోనే ఉంటుంది. జారిపడ్డానన్న కాగితం చేతిలో ఉంటే ఆరు నెలల తర్వాత కోర్టులో ఆ కాగితమే నా నోరు నొక్కేది. అక్క పట్టుదల విలువ నాకు తర్వాత తెలిసింది.

రాత్రి జరిగింది చెప్పాక లేడీ డాక్టరు వచ్చింది. ఆమె ప్రతి పరీక్షకూ ముందు అడిగింది. "ఇది చూడాలి, ఎందుకంటే ఇదీ కారణం. మీకు ఇష్టం లేకపోతే ఆపేస్తాను, దానివల్ల మందులు ఇవ్వడం ఆగదు." కొన్నింటికి ఒప్పుకున్నాను, ఒకదానికి వద్దన్నాను. వద్దన్నది కూడా రాసుకుని నాతో సంతకం చేయించింది. వివాహమైన ఇన్నేళ్లలో నా ఒంటి గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆమే. గర్భం రాకుండా మాత్ర ఇచ్చింది. అది 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. అత్యాచారానికి గురైనప్పుడు హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులకూ అదే 72 గంటల గడువు.

ఇవి ప్రతి ఆడపిల్లకూ తెలిసి ఉండాలి కనుక ఇక్కడే చెబుతాను. అత్యాచార బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రే కాదు, ప్రైవేటు ఆసుపత్రి కూడా వెంటనే, ఉచితంగా చికిత్స చేయాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. ముందు ఎఫ్ఐఆర్ తీసుకురమ్మనడానికి వీల్లేదు. యోనిలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మరోసారి గట్టిగా చెప్పింది. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్లాలి, ప్లాస్టిక్‌లో అయితే తడికి ఆధారాలు పాడవుతాయి. స్నానం చేసేసినా, బట్టలు ఉతికేసినా సరే, ఆసుపత్రికి వెళ్లడం మానకూడదు. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం.

నా విషయంలో చట్టం ఇంకో గోడ కట్టిపెట్టింది. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో అత్యాచారానికి నిర్వచనం ఉంది. భార్య వయసు పద్దెనిమిది దాటి ఉంటే భర్త చేసింది అందులోకి రాదని మినహాయింపు కూడా ఉంది. సెంటర్‌లో కౌన్సెలర్ నాకిది మెల్లగా వివరించింది. విన్నప్పుడు ఒళ్లు మండింది, ఈ వాక్యం రాస్తున్నప్పుడూ మండుతోంది. "అయితే అది తప్పు కాదన్నమాట" అన్నాను. "ఎవరన్నారు?" అంది ఆమె. 2005 నాటి గృహహింస చట్టంలో లైంగిక హింస అన్నది విడిగా ఉందని, స్త్రీ గౌరవాన్ని భంగపరిచే లైంగిక ప్రవర్తన ఏదైనా అందులోకి వస్తుందని, భర్తకు అక్కడ మినహాయింపు లేదని చెప్పింది. 2006 అక్టోబరు 26 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. ఇన్నేళ్లుగా ఉన్న చట్టం సంగతి మా ఇంట్లో, మా వీధిలో, మా పెద్దమనుషుల్లో ఒక్కరికీ తెలియదు.

మా కేసు అక్కడి నుంచి, ఆ చట్టం కింద బాధితులకు సాయం చేసే రక్షణ అధికారి దగ్గరికి వెళ్లింది. మన రాష్ట్రంలో మహిళా శిశు సంక్షేమ శాఖ కింద జిల్లాకొక గృహహింస విభాగం ఉంటుంది. అక్కడ న్యాయ సలహాదారు, సామాజిక కౌన్సెలర్ ఉంటారు. వాళ్లు నాతో కూర్చుని నింపింది డీఐఆర్, అంటే గృహహింస ఘటనల నివేదిక. ఆ ఫారం గురించే నేను అందరికీ చెప్పాలనుకుంటున్నాను.

అందులో హింస నాలుగు రకాలుగా విడగొట్టి ఉంటుంది. శారీరకం, లైంగికం, మాటలతో మనసుకు చేసేది, ఆర్థికం. ఒక్కోదాని కింద వరుసగా ప్రశ్నలు. కట్నం తేలేదని అవమానించారా? మగపిల్లాడు లేడని దెప్పారా? ఇల్లు కదలనివ్వలేదా? ఉద్యోగం మానమన్నారా? చచ్చిపోతానని బెదిరించారా? మీ జీతం లాగేసుకున్నారా? తిండి, బట్టలు, మందులకు డబ్బు ఇవ్వలేదా? మీ స్త్రీధనం మీకు చెప్పకుండా తాకట్టు పెట్టారా? ఇష్టం లేకుండా బలవంతం చేశారా? మేడం చదువుతోంది, నేను అవునంటున్నాను, ఆమె టిక్కు పెడుతోంది. ఏటీఎం కార్డు సంగతి చెప్పాను. బస్సు టికెట్ల సంగతి చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పాను. ఆమె నవ్వలేదు, "అవి ఏవైనా దాచారా?" అంది. హ్యాండ్‌బ్యాగు అడుగున ఒక కట్ట ఉంది. రబ్బరు బ్యాండు తీసి బల్ల మీద పరిచాం. అక్షరాలు సగం వెలిసిపోయాయి. చదవగలిగినవన్నీ వెంటనే జిరాక్సు తీయించింది, థర్మల్ కాగితం మీది రాత ఎక్కువ కాలం నిలవదట.

మొదటి పేజీలో "కొట్టారా" కూడా ఉంది. కాకపోతే చాలా ప్రశ్నల్లో అది ఒకటి.

ఆ తర్వాత ఆమె భద్రత ప్రణాళిక రాయించింది. దానికీ ఒక ఫారం ఉంది. మళ్లీ దాడి జరిగితే ఎటు వెళతారు, ఎవరికి ఫోను చేస్తారు, పాప ఎక్కడుంటుంది, ఆధార్, సర్టిఫికెట్లు, పాస్‌పుస్తకం ఎక్కడున్నాయి, ఇలాంటివన్నీ. నా సర్టిఫికెట్లు అత్తయ్యగారి బీరువాలో ఉన్నాయి. తెచ్చుకోవడానికి తోడు కావాలని ఒక పోలీసు స్టేషన్‌కు వెళితే, మీ ఇల్లు మా పరిధిలోకి రాదన్నారు, మొగుడూ పెళ్లాల గొడవలకు మేమెక్కడ తిరుగుతామన్నారు. తెలియని మనిషైతే అక్కడితో ఆగిపోతుంది. గృహహింస చట్టం 5వ సెక్షన్ ప్రకారం, బాధితురాలు వస్తే ఆమె హక్కులేమిటో, రక్షణ అధికారి ఎవరో, ఉచిత న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పవలసిన బాధ్యత పోలీసులదే. ఎఫ్ఐఆర్ కట్టవలసిన నేరమైతే పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. చివరికి మా వార్డు సచివాలయంలోని మహిళా పోలీసు నాతో ఇంటికి వచ్చింది. వయసులో నాకంటే చిన్నది. గుమ్మంలో నిలబడి అత్తయ్యగారితో, "అమ్మా, వాళ్ల కాగితాలు వాళ్లకు ఇచ్చేయండి" అని ఒక్క మాట అంది. బీరువా తెరుచుకుంది.

భర్త, అత్తమామల క్రూరత్వం మీద క్రిమినల్ కేసు వేరే దారి. ఇదివరకు 498ఏ అనేవారు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. అందులో మూడేళ్ల వరకు జైలు ఉంది. గృహహింస చట్టం కింద వేసేది ముందుగా రక్షణ కోసం, ఇల్లు, ఖర్చులు, పిల్లల కోసం. రెండూ కలిపి కూడా వేసుకోవచ్చు. విడాకులు అడగాలన్న నియమం దేనిలోనూ లేదు. నేను మొదట గృహహింస కేసు వేశాను. ఎవరూ నన్ను అటూ ఇటూ నెట్టలేదు.

లాయరు ఫీజు గురించి నేను పడిన దిగులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తీరింది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. జీతం ఉంది కదా అని నన్ను తిప్పి పంపలేదు. వాళ్ల ఫోను నంబరు 15100. నాకు కేటాయించిన న్యాయవాది ముందుగా అడిగింది, "మీకు ఆ ఇంట్లోనే ఉండాలని ఉందా, వేరే ఇంటికి అద్దె కావాలా?" ఇల్లు అత్తయ్యగారిది కదా అన్నాను. ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా, కోడలిగా కాపురం ఉన్న ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందని వివరించింది. అది విని మా అన్నయ్య ఆశ్చర్యపోయాడు. "వాళ్లింట్లో నీకేం హక్కుంది" అని నన్ను రెండుసార్లు వెనక్కి పంపిన మనిషి అతనే. నాకు ఆ మెట్లు మళ్లీ ఎక్కాలని లేదు. అద్దె కోరాను.

అమ్మ మాత్రం మొదట చాలా గింజుకుంది. నలుగురిలో పరువు, పాప పెళ్లి, అన్నీ. ఆమెను కదిలించింది స్త్రీధనం జాబితా. పుట్టింటివాళ్లు పెట్టినవన్నీ రాయమని న్యాయవాది చెబితే, చోడవరం ఇంటి వరండాలో కూర్చుని పాప నోటుపుస్తకంలో రాశాం. అమ్మకు అన్నీ గుర్తున్నాయి. నల్లపూసలు, చంద్రహారం, చెవి దుద్దుల తూకాలు, ఇత్తడి గంగాళం, పేరు చెక్కించిన స్టీలు బిందెలు, సారెలో పంపిన కావిడి కంచాలు. చంద్రహారం కనిపించక ఎన్నాళ్లయిందని అడిగింది. తాకట్టులో ఉందని, నాకు చెప్పకుండా పెట్టారని చెప్పాను. అమ్మ పెన్ను పట్టుకుని చాలాసేపు ఊరుకుంది. తర్వాత లోపలికి వెళ్లి, పాత ట్రంకుపెట్టెలోంచి బంగారం కొన్న రసీదులు తీసుకొచ్చింది. వాయిదాలకు ఇప్పుడు ఆమే నాతో వస్తోంది.

మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో జరగాలని, అరవై రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. జరిగేది అలా కాదు. నోటీసు ఇవ్వడానికి వెళితే అతను ఇంట్లో లేడన్నారు. తర్వాత వాళ్ల లాయరు గడువు అడిగాడు. ఆదాయ వివరాల అఫిడవిట్ ఇద్దరూ వేయాలి. భరణం కేసుల్లో అది తప్పనిసరి అని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అతను వేసిన కాగితం ప్రకారం అతని సంపాదన నా జీతం కంటే తక్కువ. బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించమని మా న్యాయవాది అడిగాక ఆ అంకె మారింది. ఈ ఆలస్యంలోనే చాలామంది విసిగి రాజీ పడతారు. అందుకే దరఖాస్తుతో పాటే మధ్యంతర ఉత్తర్వు కోరడం చాలా ముఖ్యం. గృహహింస చట్టం 23వ సెక్షన్ కింద, అవసరమైతే అవతలివాళ్లు రాకముందే మెజిస్ట్రేటు ఇవ్వవచ్చు.

మాకు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అతను నా ల్యాబ్‌కు, పాప బడికి రాకూడదు, ఫోను చేయకూడదు. ఇంటి అద్దెకు, పాప చదువుకు నెలనెలా డబ్బు కట్టాలి. రక్షణ ఉత్తర్వు దాటితే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఉత్తర్వు ప్రతి మనకూ, పోలీసు స్టేషన్‌కూ ఉచితంగా ఇస్తారు. నేను దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను, బడి ప్రిన్సిపాల్‌కు ఒకటి, ల్యాబ్‌లో ఒకటి ఇచ్చాను. ఒక సాయంత్రం అతను ల్యాబ్ ఎదురుగా బండి ఆపి నిలబడ్డాడు. 112కి ఫోను చేసి, కోర్టు ఉత్తర్వు ఉందని మొదటి మాటగా చెప్పాను. వచ్చిన కానిస్టేబుల్ ఫొటో చూసి నేరుగా అతని దగ్గరికి నడిచాడు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు మర్రిపాలెంలో ఒక గది తీసుకుని ఉంటున్నాం. జీతానికి కొత్త ఖాతా తెరిచాను. మణికట్టు చలికాలంలో లాగుతోంది, పట్టీ మాత్రం బిగించగలుగుతున్నాను. గంగాళం, బిందెలు వచ్చాయి. చంద్రహారం ఇంకా రాలేదు, దాని మీద విడిగా అడిగాం. అసలు కేసులో నా సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్ మిగిలి ఉన్నాయి. వాళ్ల లాయరు ఆ రాత్రి సంగతే ముందు ఎత్తుతాడని మా న్యాయవాది అంటోంది. ఎవరో ఒక పక్షం కోరితే తలుపులు మూసి విచారణ జరపడానికి 16వ సెక్షన్ వీలు ఇస్తోంది. ఆ దరఖాస్తు వేశాం.